పిడుదు పట్టుకుంటే ఊడి రాదెందుకు? దాని నోటిలో ఏముంది?

బోధన్ చెరకు ఊళ్లలో, నిజామాబాద్ శివార్లలో ఎద్దు, బర్రె, మేక ఉన్న ఇళ్లకు పిడుదులు కొత్త కాదు. కొందరు గోమార్లు అంటారు, ఉర్దూలో చీచడి. బక్రీద్‌కు తెచ్చిన మేక చెవి లోపలో, తోక కిందో కనబడగానే పట్టి లాగేస్తాం. ఒంటి భాగం చేతికి వస్తుంది, మూతి చర్మంలోనే ఉండిపోతుంది. ఎందుకిలా?

నోటి నిర్మాణం

పిడుదు సాలీడు, తేలు వర్గానికి చెందిన జీవి. పెద్దదానికి ఎనిమిది కాళ్లుంటాయి. దాని మూతిలో ముఖ్యమైనవి మూడు.

కోత కత్తులు: ఇవి రెండు. చివర్లలో పళ్లుంటాయి. ముందు ఇవే చర్మాన్ని కోస్తాయి.

మధ్య ముల్లు: దీని మీద వెనక్కి వంగిన పళ్లు వరుసగా ఉంటాయి. గాలం ముల్లులాగా లోపలికి తేలిగ్గా దిగుతుంది, బయటికి రాదు.

పక్క స్పర్శకాలు: ఇవి లోపలికి దిగవు. చర్మం మీదే పక్కలకు విచ్చుకుంటాయి.

యూరప్‌లోని ఒక రకం పిడుదుపై 2013లో వెలువడిన పరిశోధన ఈ కదలికను చూపించింది. ఈతగాడు రెండు చేతులతో నీటిని వెనక్కి తోసినట్టు, కత్తులు రెండూ పక్కలకు వంగి ముల్లును లోపలికి లాగుతాయి. మన పశువులపై కనిపించే హయలోమా రకానికి మూతి పొడవు. రిపిసెఫాలస్ రకానికి పొట్టి. అందుకే అది సిమెంటులా గట్టిపడే జిగురు వదిలి అతుక్కుంటుంది.

లాలాజలమే అసలు ఆయుధం

రక్తం పీల్చడం, లాలాజలం వదలడం ఒకే దారిలో వంతులవారీగా జరుగుతాయి. ఆ లాలాజలం రక్తం గడ్డకట్టనివ్వదు, నొప్పినీ వాపునూ తగ్గిస్తుంది. అందుకే పశువుకు తొందరగా తెలియదు. తాగిన రక్తంలో ఎక్కువైన నీటిని కూడా పిడుదు లాలాజలంగా తిరిగి పశువులోకే పంపేస్తుంది. థైలేరియా, బెబీసియా వంటి రోగక్రిములు ఎక్కేది కూడా ఈ దారినే.

థైలేరియా క్రిమి పిడుదు లాలాజల గ్రంథుల్లో పక్వానికి రావడానికి, అది కరిచాక సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. కాబట్టి పిడుదును ఎంత తొందరగా తీస్తే అంత మేలు.

ఎలా తీయాలి?

కిరోసిన్ పోయొద్దు, అగ్గిపుల్లతో కాల్చొద్దు. దాంతో పిడుదు మరింత లాలాజలం వదిలే ప్రమాదం ఉంది. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి మూతి దగ్గరే పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా నేరుగా లాగండి. చేతికి తొడుగు ఉండాలి. వేళ్లతో నలపొద్దు. 2011లో గుజరాత్‌లో బయటపడ్డ క్రిమియన్ కాంగో జ్వరం హయలోమా పిడుదుల వల్ల వచ్చేదే. అది పిడుదును నలిపినా అంటుకోవచ్చు. తీశాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

హయలోమా పిడుదులు కొట్టం గోడల పగుళ్లలో దాక్కుంటాయి, వాటిని పూడ్చండి. పశువుకు జ్వరం, గ్రంథుల వాపు, ఎర్రటి మూత్రం కనిపిస్తే ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించండి. సంకర జాతి ఆవులకు థైలేరియా ముప్పు ఎక్కువ. దానికి టీకా ఉంది, డాక్టర్‌ను అడగండి.