కడుపుపుండు: నిందయు, నిదానమును

కొన్ని వ్యాధులకు చుట్టుపట్లవారి జాలి లభించును. కొన్నిటికి నింద లభించును. జ్వరపడినవానిని మనము ఓదార్చుదుము. కడుపులో మంటయని చెప్పినవానినో, “కారము తగ్గించుము, కోపము తగ్గించుము, వేళకు తినుము” అని మందలింతుము. అనగా ఆ రోగము అతని నడవడినుండియే పుట్టినదని మన తీర్పు. ఈ తీర్పు ఎంతకాలము చెల్లెనో, ఎట్లు కొట్టివేయబడెనో, కొట్టివేయబడిన పిదపను మన యిండ్లలో ఇంకను ఎట్లు అమలు జరుగుచున్నదో చదువరులకు విన్నవించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

కోనసీమలో వైనతేయ గోదావరి యొడ్డున, మామిడికుదురు మండలమున, అప్పనపల్లి గ్రామము కలదు. బాలబాలాజీ దేవాలయము వలన దాని పేరు తెలుగునాట పలువురకు పరిచితమే. చుట్టును కొబ్బరితోటలు, వరిచేలు. ఆ సీమలో భోజనమనగా అన్నము, పులుసు, పచ్చడి, మజ్జిగ. ఇట్టి యింట కడుపునొప్పికి మొదటి ముద్దాయి ఊఱగాయ జాడీ. రెండవ ముద్దాయి దానిని పెట్టిన యిల్లాలు. నొప్పి ఆ యిల్లాలికే వచ్చినచో, అందఱికిని వడ్డించి ప్రొద్దు వాలినపిదప తినుటచే వచ్చెనని ఆమెనే తప్పుపట్టుదురు. ఆమెను అంతవఱకు ఆగుమన్న ఆచారమును మాత్రము ఎవరును తప్పుపట్టరు.

మన పూర్వవైద్యులు ఈ నొప్పిని శ్రద్ధతో గమనించిరి. మాధవకరుని నిదానగ్రంథము, అన్నము అఱుగు వేళ వచ్చు నొప్పిని పరిణామశూలయనియు, అఱిగినను అఱుగకున్నను బాధించుచు పైత్యము వాంతియైనపుడు శాంతించు నొప్పిని అన్నద్రవశూలయనియు వేఱుచేసి చెప్పినది. వారు వాడిన శంఖభస్మము సున్నపుజాతి క్షారము. అది ఆమ్లమును విఱుచును. కావున దానివలని ఊరట భ్రమ కాదు. కాని కడుపు లోపలి భాగమును కంటితో చూచుటకు వారికి సాధనము లేదు.

పాశ్చాత్యులును చాలకాలము ఆమ్లమునొద్దనే ఆగిపోయిరి. అన్నాశయములో హైడ్రోక్లోరిక్ ఆమ్లము కలదని విలియం ప్రౌట్ 1824లో ప్రకటించెను. ఆమ్లము లేనిదే పుండు లేదని 1910లో కార్ల్ ష్వార్జ్ సిద్ధాంతీకరించెను. 1915లో చికాగో వైద్యుడు సిప్పీ గంట గంటకు పాలు, మీగడ, క్షారచూర్ణములు ఇచ్చు పద్ధతిని ప్రచారము చేసెను. పుండు మానక రక్తము పోయినను, మార్గము మూసికొనిపోయినను శస్త్రచికిత్సయే గతి. ఇవి చాలక, రోగి మనోవ్యాకులతయే మూలమను వాదము 20వ శతాబ్ది నడుమ బలపడెను. వంటింటికి తోడు మనస్సును ముద్దాయి యయ్యెను.

దక్షిణదేశమున ఈ వ్యాధి ఎక్కువయని వైద్యులు ముందే గుర్తించిరి. ఎవరెస్టు శిఖర యాత్రలలో పాల్గొన్న సోమర్వెల్ అను శస్త్రవైద్యుడు తిరువాన్కూరులోని నెయ్యూరు ఆసుపత్రిలో ఇట్టి రోగులకు విరివిగా శస్త్రచికిత్సలు చేసి, 1936లో తన యనుభవమును ప్రకటించెను. కూనూరు పరిశోధనాలయములో మెక్‌కారిసన్, ఎలుకలకు ఆయా ప్రాంతముల బీదల ఆహారమును పెట్టి చూచెను. తిరువాన్కూరు, మద్రాసు ప్రాంతముల తిండి తిన్నవానిలో కడుపుపుండ్లు కనబడెను; గోధుమరొట్టె, పాలు, కూరలు తిన్నవి ఆరోగ్యముగా నుండెను. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా పేరొందినది. తరువాత మైసూరులో పనిచేసిన టోవీ యను వైద్యుడు, వరియన్నము తిను ప్రాంతములలో చిన్నప్రేగు మొదటనుండు పుండు ఎక్కువగాను, రాగులు, గోధుమలు తిను ప్రాంతములలో తక్కువగాను ఉన్నదని 1979లో వ్రాసెను.

ఆ 1979లోనే ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమున రాబిన్ వారెన్ అను వైద్యుడు, రోగుల కడుపుపొరను సూక్ష్మదర్శినిలో పరీక్షించుచు వంపు తిరిగిన సూక్ష్మజీవులను గమనించెను. అంత ఆమ్లములో ఏ జీవియు బ్రతుకజాలదని నాటి పాఠము. బారీ మార్షల్ అను యువవైద్యుడు ఆయనతో చేరెను. ఆ క్రిమిని పెంచుటకు చేసిన ప్రయత్నములు పలుమాఱులు విఫలమయ్యెను. 1982లో ఈస్టరు సెలవులవలన పళ్లెరములు అనుకొన్నదానికంటె ఎక్కువ దినములు ఉండిపోగా, అపుడు క్రిమి మొలచెను! అది నిదానముగా పెరుగు జాతి. అంతకుముందు పళ్లెరములను తొందరపడి పాఱవేసిరి. లోకము నమ్మకపోగా 1984లో మార్షల్ ఆ క్రిములను తానే త్రాగి, కొలదిదినములలో కడుపువాపు తెచ్చుకొనెను. హెలికోబాక్టర్ పైలోరీ యను ఆ సూక్ష్మజీవిని కనుగొన్నందులకు ఆ యిరువురకు 2005లో నోబెల్ బహుమానము లభించెను.

దీనిచే ఒక చిక్కు విడిపోయెను. 1976 తరువాత ఆమ్లమును తగ్గించు క్రొత్తమందులు వచ్చి పుండ్లను మాన్పెను. కాని మందు మానినచో తఱచుగా పుండు మరల వచ్చెడిది. మూలమైన క్రిమి అచటనే యుండుటయే అందులకు కారణము. క్రిమిని నిర్మూలించిన తరువాత పుండు తిరిగి వచ్చుట అరుదయ్యెను.

అయినచో మెక్‌కారిసన్, టోవీలు చూచినది అబద్ధమా? కాదు. ఈ క్రిమి ఉత్తరదేశములోను, దక్షిణదేశములోను కోట్లమంది కడుపులలో నున్నది. వారిలో అధికసంఖ్యాకులకు పుండు రానే రాదు. ఎవరికి వచ్చునన్నది క్రిమి జాతిని బట్టియు, పొగత్రాగుటను బట్టియు, బహుశః ఆహారమును బట్టియు మాఱును. కారము ఉన్న మంటను హెచ్చింపవచ్చునే గాని పుండును పుట్టించినదనుటకు ఆధారము లేదు.

క్రిమి సాధారణముగా బాల్యముననే, ఇంటిలోనివారినుండి సంక్రమించును. హైదరాబాదులో జరిగి 2007లో వెలువడిన ఒక పరిశోధన, నూతినీరు త్రాగువారిలోను, ఇఱుకు యిండ్లలో నివసించువారిలోను ఇది ఎక్కువయని తెలిపినది. లంకలలో నీరు కావలసినంత కలదు. శుభ్రమైన నీరు వేఱు. కావున ముద్దాయి స్థానమునుండి ఊఱగాయ జాడీని దింపి, బావిగట్టును, చేతులు కడుగుకొనని అలవాటును పరీక్షింపవలసియున్నది.

నేడు నిదానము సులభము. గొట్టమువంటి సాధనమును నోటిద్వారా దింపి, పుండును కంటితో చూచి, పొరలో కొంచెము తీసి పరీక్షింపవచ్చును. దీనినే ఎండోస్కోపీ యందురు. ఊపిరి పరీక్షచేతను, మలపరీక్షచేతను క్రిమి యున్నదో లేదో తెలియును. అయితే ఆమ్లమును తగ్గించు మాత్రలను రెండువారములైనను ఆపనిదే ఈ పరీక్షలు నమ్మదగినవి కావు. చికిత్స సాధారణముగా పదునాలుగు దినములు: ఆమ్లమును తగ్గించు మందుతో కూడ క్రిమిసంహారకములు రెండైనను ఉండును. మంట తగ్గినదని నాలుగవనాడు మానినవాడు క్రిమికి మందును ఓర్చుకొను విద్య నేర్పినవాడగును. మన దేశమున కొన్ని మందులకు క్రిమి ఇప్పటికే లొంగకున్నది. మందులు ముగిసిన నెలకు మరల పరీక్షించి, క్రిమి పోయినదని రూఢి చేసికొనవలయును.

రెండవ కారణమొకటి కలదు. అది మన యిండ్ల అలమరలలోనే యున్నది. మోకాళ్లనొప్పులకు, తలనొప్పికి ముసలివారు దినదినము మ్రింగు నొప్పిమాత్రలలో పెక్కు కడుపుపొరను చెఱచును. దుకాణములో నొప్పిమాత్రయు, దానివలని మంటకు వేఱొక మాత్రయు కొని, రెండును వాడుచు రోగమును కప్పిపెట్టు గృహములు ఎన్ని లేవు? మలము తారువలె నల్లనగుట, రక్తపు వాంతి, కారణము లేక చిక్కిపోవుట, అకస్మాత్తుగా కడుపు పలకవలె బిగిసి భరింపరాని నొప్పి కలుగుట అపాయసూచనలు. వీనిలో నల్లని మలము, రక్తపు వాంతి, కడుపు బిగియుట కనబడినచో గంటలు లెక్క. పూర్వము రేవు దాటుటకు పడవకై వేచియుండవలసిన సీమకు నేడు పాశర్లపూడి, బోడసకుఱ్ఱుల నడుమ వంతెన కలదు. అమలాపురము చేరుట కష్టము కాదు. దాటవలసినది ఏఱు కాదు, “ఇది మామూలు మంటయే” అను మన నిర్లక్ష్యము.

నిదానమను మాటకు మన వైద్యులు వ్యాధి మూలమును తెలిసికొనుట యని యర్థము చెప్పిరి. మూలము తెలియనంతకాలము నింద దాని స్థానమును ఆక్రమించెను. ఇపుడు మూలము తెలిసినది. ఇకమీదట మన యిండ్లలో ఒక స్త్రీ కడుపు పట్టుకొని కూర్చుండినచో, ఆమె యేమి తినెనో, ఎప్పుడు తినెనో, ఎవరిమీద కోపపడెనో అని విచారణ జరుపుట మాని, ఆమెను వైద్యునియొద్దకు తీసికొనిపోవుదము. ఆ పిమ్మట ఆమెకును మనతోపాటు మొదటి పంక్తిలోనే విస్తరి వేయుదము. అది పుండునకు మందు కాకపోవచ్చును. న్యాయమునకు మాత్రము మందు.