ఉత్తరాలు దాచిన చేతులు

అమెరికాలోని లెక్సింగ్టన్‌లో 1839లో మొదలైన వర్జీనియా మిలటరీ ఇన్‌స్టిట్యూట్ కేడెట్లు ఇళ్ళకు రాసుకున్న ఉత్తరాల డిజిటల్ ప్రతులు కొన్నాళ్ళుగా చదువుతున్నాను. వీరగాథలుంటాయనుకుని మొదలుపెట్టాను. డబ్బు పంపమనీ, బట్టలు పంపమనీ అడగడం, ఇంటి తిండి మీద బెంగ, జవాబు రాయలేదని అలక - ఇవే ఎక్కువ. మీసాలైనా రాని పిల్లలు మరి!

చదువుతుంటే ఒక ప్రశ్న నన్ను పట్టుకుంది. ఇవి ఎలా మిగిలాయి? అందుకున్న ఇళ్ళలో ఎవరో భద్రంగా దాచబట్టి. తండ్రులకు రాసినవీ ఉన్నాయి గానీ, అమ్మలకూ అక్కచెల్లెళ్ళకూ రాసినవి తక్కువేం కాదు. మరి ఆ స్త్రీలు రాసిన జవాబులేవి? 1864 జూన్‌లో జనరల్ డేవిడ్ హంటర్ సైన్యం ఆ విద్యాసంస్థను తగలబెట్టింది. గదుల్లో మిగిలిన కాగితాల గతి ఊహించుకోవచ్చు.

అంతకు నెల ముందే, మే 15న, న్యూమార్కెట్ యుద్ధంలో 257 మంది కేడెట్లు బానిసత్వాన్ని నిలబెట్టాలనుకున్న పక్షాన పోరాడారు. 10 మంది చనిపోయారు. ఆ తల్లుల దుఃఖం నన్నూ కదిలించింది. కానీ ఆ కేడెట్లకు వండిపెట్టి, బట్టలుతికిన బానిసలకూ తల్లులున్నారు కదా! నల్లవారికి చదువు చెప్పే సమావేశాలను వర్జీనియా 1831లోనే చట్టం చేసి నిషేధించింది. ఆ తల్లులకు దాచుకోవడానికి ఉత్తరమే లేకుండా చేశారు.

ఆ యుద్ధంలో పోరాడి, తర్వాత శిల్పి అయిన మోజెస్ ఎజెకియల్, చనిపోయిన సహచరుల స్మృతిలో ఒక కంచు విగ్రహం చేశాడు. అది దుఃఖిస్తూ కూర్చున్న స్త్రీమూర్తి. 1903లో దాన్ని ఆ ఆవరణలోనే నిలిపారు. ప్రాణమున్న స్త్రీ విద్యార్థినిగా అదే ఆవరణలోకి రావడానికి 1997 దాకా పట్టింది. అదీ 1996లో రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ రాసిన సుప్రీంకోర్టు తీర్పు వల్ల. ఏడ్చే స్త్రీకి దొరికిన చోటు చదివే స్త్రీకి దొరకడానికి 94 ఏళ్ళు!

మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో తాతయ్య ఉత్తరాలున్నాయి. ఆవిడ రాసినవి ఒక్కటీ లేవు. "నువ్వు అడిగినట్టే" అని తాతయ్య రాసిన చోటల్లా ఆగి, ఆవిడ ఏమడిగిందో అని ఆలోచిస్తాను. కేడెట్ల ఉత్తరాలనూ ఇప్పుడు అలాగే చదువుతున్నాను.