కడుపులోని ఉప్పెన

నందన నామ సంవత్సరపు కరువును మా ప్రాంతపు పెద్దలు డొక్కల కరువనేవారు. 1832-33 నాటి మాట అది. గుంటూరు మండలంలోని ఐదు లక్షల జనంలో లక్షన్నర నుండి రెండు లక్షల మంది వరకు మరణించారని చరిత్రకారులు వ్రాశారు. అట్టి కరువులకు విరుగుడుగానే ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ నడుమ బెజవాడ ఆనకట్ట లేచింది. 1852లో మొదలై 1855లో ముగిసింది. 1957 నుండి ఆ పనిని ప్రకాశం బ్యారేజి చేస్తున్నది. కరువు జ్ఞాపకం అలా రాతికట్టడంగా మిగిలింది. మరి మనిషి ఒంటిలో కూడా మిగులుతుందా?

ఈ ప్రశ్న నాకు పుస్తకాలలో ఎదురు కాలేదు, తరగతి గదిలో ఎదురైంది. 1989 కార్తీకమాసంలో ఒకనాడు విజయవాడలో ఆరవ తరగతికి పద్యం చెబుతున్నాను. ముసురు పట్టింది, గాలి లేచింది. కిటికీ పక్కన కూర్చున్న పిల్ల గజగజ వణుకుతున్నది. దివిసీమ నుండి వచ్చిన కుటుంబం వారిది. "ఉప్పెన నాటికి నీవు పుట్టనైనా లేదు, నీకెందుకే అంత భయం?" అని కసిరాను. పిల్లలంతా నవ్వారు. మర్నాడు ఆమె తల్లి వచ్చింది. "అప్పటికి దానికి అయిదో నెలండీ మేష్టారూ. నా కడుపులోనే ఉంది. తెల్లవార్లూ తాడిచెట్టు పట్టుకునే ఉన్నాను" అని మాత్రం అన్నది. నేను తల వంచుకున్నాను.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే పదివేల మంది వరకు పోయారు. ఆ లెక్కలో కడుపులో ఉండి బ్రతికినవారి ఊసు లేదు.

ప్రహ్లాదుడు తల్లి గర్భంలో నారదోపదేశం విన్నాడనీ, అభిమన్యుడు పద్మవ్యూహ భేదనం విన్నాడనీ మనం పిల్లలకు చెప్పుకుంటూ వచ్చాము. అవి పురాణగాథలు, ప్రమాణాలు కావు. ప్రమాణం వేరొకచోట దొరికింది. 1944-45 చలికాలంలో జర్మను సైన్యం దిగ్బంధం వల్ల పశ్చిమ హాలెండు ఆకలితో అలమటించింది. ఆ రోజులలో కడుపున పడిన బిడ్డలను ఆరు దశాబ్దాల తరువాత పరీక్షించి, 2008లో ఫలితాలు ప్రకటించారు. ఎదుగుదలకు సంబంధించిన ఒక జన్యువు మీద వారికి మిథైల్ గుర్తులు తోబుట్టువులకన్న తక్కువగా ఉన్నవి. వేదపాఠంలో అక్షరం మారకుండానే స్వరచిహ్నం ఉచ్చారణను మార్చినట్లు, ఈ గుర్తులు జన్యువును మార్చకుండానే దాని పలుకుబడిని హెచ్చించడమో తగ్గించడమో చేస్తాయి. నెలలు నిండుతుండగా ఆకలికి గురైన బిడ్డలలో మాత్రం ఆ తేడా కనబడలేదు.

మరొక సంగతి నన్ను నివ్వెరపరచింది. ఆడశిశువుకు అయిదో నెల నాటికే అండకణాలు ఏర్పడి ఉంటాయి. అంటే ఆ రాత్రి తాడిచెట్టును పట్టుకున్నది ఒక్క తల్లి కాదు. ఆమె, ఆమె కూతురు, ఆ కూతురికి పుట్టబోయే బిడ్డ తాలూకు బీజం కూడా.

అయినా తొందరపడి తీర్పు చెప్పరాదు. నాజీల మారణకాండ నుండి బయటపడిన 32 మందినీ, వారి సంతానం 22 మందినీ పరిశీలించి, ఒత్తిడికి సంబంధించిన జన్యువు మీద ఇద్దరిలోనూ మార్పులున్నవని 2016లో ప్రచురించారు. అంత చిన్న లెక్కతో నిర్ధారణ కాదని తోటి శాస్త్రజ్ఞులే ఆక్షేపించారు. పైగా గాలి లేచిన ప్రతి రాత్రీ తల్లి దీపం వెలిగించి, బిడ్డను ఒడిలోకి లాక్కొని మేలుకొని ఉంటే, ఆ భయం నెత్తుటిలో వచ్చిందా, ఒడిలో వచ్చిందా? రెంటినీ విడదీయడం సులభం కాదు.

కనుక నేను "నీ నొసట ఇలా వ్రాసి ఉన్నది" అని ఏ బిడ్డతోనూ అనను. ఆ గుర్తులు బ్రహ్మవ్రాతలు కావు, జీవితకాలంలో మారేవి. అయితే "నీవు పుట్టనైనా లేదు కదా" అని కూడా మరెన్నడూ అనలేదు. తల్లి వచ్చి వెళ్ళిన రోజున ఆ పిల్లను కిటికీ పక్కనుండి లేపి నా బల్ల దగ్గర కూర్చోబెట్టాను. కిటికీ తలుపు నేనే మూశాను. అంతకన్న చేయగలిగింది అప్పుడు నాకు తోచలేదు.

మిత్రులారా, మీ ఇండ్లలో ఆ రాత్రిని దాటివచ్చిన పెద్దలుంటే, వారి చేత చెప్పించుకొని వ్రాసి పెట్టండి. ఒంట్లో ఏమి దాగి ఉన్నదో శాస్త్రజ్ఞులు తేలుస్తారు. మాటలో మిగిలినదాన్ని కాపాడవలసినది మనమే.