గడియారపు గుండు

గోడగడియారమునకు ప్రాణము చక్రములలో ఉన్నదని సాధారణముగా తలంతుము. స్ప్రింగులేని పాత గడియారములలో ఆ ప్రాణము గొలుసునకు వ్రేలాడు గుండులో కలదు. అది మెల్లగా దిగుచు చక్రములను త్రిప్పును. అడుగునకు చేరినచో గడియారము నిలిచిపోవును. ఈ గుండు కథనే మేమిచ్చట చెప్పబూనినాము.

ఇంగ్లండులోని సాలిస్బరీ ప్రధాన దేవాలయమున 1386 నాటిదని చెప్పబడు గడియారమును రాతి గుండ్లు నడపెడివి. 1656లో హాలండు దేశీయుడగు హైగెన్సు గడియారమునకు లోలకమును జతచేసెను. దినమునకు పావుగంట వరకు ఉండిన తప్పు కొన్ని సెకండ్లకు తగ్గినది. నాటినుండి నడపుట గుండు వంతు, నడకను నియమించుట లోలకము వంతు అయినవి.

అమెరికాలోని కనెక్టికట్‌లో ఈలై టెర్రీ 1807 మొదలు మూడేండ్లలో కొయ్యచక్రముల గడియారములను 4,000 వరకు సిద్ధపరచెను. అట్టి చౌక గడియారములను ఊరూర అమ్మువారు గుండ్లు మోయలేక, ఒక్కొక్కప్పుడు ఖాళీ తగరపు డబ్బాలనే ఇచ్చెడివారు. ఇసుకయో, గులకరాళ్లో ఇంటివారే నింపుకొనెడివారు. కావున గుండును ఇంట చేసికొనుట నేటి వింత కాదు.

మరమ్మతు చేయువారు సీసమును కోరుటకు కారణము కలదు. అది నీటికన్న 11 రెట్లకు పైగా బరువు. పోత ఇనుము కరగుటకు 1,100 డిగ్రీల సెంటిగ్రేడుకు మించిన వేడి కావలెను; సీసమునకు 327 డిగ్రీలు చాలును. అందుచే పోయిన గుండునకు బదులు, ఇంటి పొయ్యిమీదనే సీసము కరగించి అచ్చుపోయుట అలవాటైనది.

ఇందు రెండు ప్రమాదములు కలవు. గడియారము వెనుకబడినచో గుండు బరువు పెంచవలెనను భ్రమ మొదటిది. వేగమును నిర్ణయించునది ముఖ్యముగా లోలకము. 1859 నుండి నడచుచున్న వెస్ట్‌మినిస్టరు మహాగడియారమున లోలకముమీద పాత పెన్నీ నాణెమొకటి ఉంచినచో, అది పొట్టిదైనట్లయి, దినమునకు 0.4 సెకండు త్వరపడును. గుండునకు చేర్చిన అధికపు బరువు మాత్రము మరలను అరగదీయును.

రెండవది ఘోరతరము. సీసము విషము. తడి అచ్చులో పోసినచో నీరు ఆవిరియై, కరగిన లోహమును మీదికి చిమ్మును. పొయ్యిచుట్టు మిగిలిన ధూళి చేతులమీదుగా అన్నములో చేరును. పసివారికి హానిచేయని సీసపు మోతాదేదియు తెలియదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది.

కావున మనము ఆ తగరపు డబ్బా ఉపాయమునకే మరలుట మేలు. ఇత్తడి గొట్టములో ఇనుప రవ్వలు గాని, ఎండిన ఇసుక గాని నింపి, పాత గుండుతో సరితూచి, మూత బిగించిన చాలును. గుండు కొంత పొడవగును. గడియారము నడకలో లోటుండదు, ఇంటిలో విషముండదు.