పాటను దించలేదు, తీగలు మార్చారు

పెళ్లిళ్ల రోజుల్లో పొద్దుగూకాక మేడ్చల్ రోడ్డు మీద గానీ, శామీర్‌పేట దగ్గర రాజీవ్ రహదారి మీద గానీ వెళ్తుంటే ఏదో ఒక ఫంక్షన్ హాలు ముందు బరాత్ ఎదురవుతుంది. బ్యాండులో క్లారినెట్ మనిషి ఓ సినిమా పాట ఎత్తుకుంటాడు. గొంతు లేదు, మాటల్లేవు. అయినా పల్లవి సగంలో ఉండగానే పిల్లలు మాటలు అందుకుంటారు. గొంతు కోసం కట్టిన పాట ఊదే గొట్టంలోకి మారింది. ఏమీ పోయినట్టు ఎవరికీ అనిపించదు. ఆ క్లారినెట్టూ ట్రంపెట్టూ ఈ దారికి కొత్త కావు. 1806లో వెలసిన సికింద్రాబాదులోనూ, మేడ్చల్‌కు వెళ్లే దారిలోని బొల్లారంలోనూ తెల్లవాళ్ల పటాలాలు ఉండేవి. పటాలం ఉన్నచోట దాని బ్యాండూ ఉండేది.

ఒక వాద్యం కోసం పుట్టిన సంగీతాన్ని మరో వాద్యం మీదికి ఎక్కించడం యూరప్‌లో పాత అలవాటు. అందులో ఆరితేరినవాడు జర్మనీకి చెందిన యోహాన్ సెబాస్టియన్ బాఖ్. 1729 నుంచి లైప్‌జిగ్‌లో ఒక సంగీత బృందాన్ని నడుపుతూ, జిమ్మర్‌మాన్ కాఫీ హౌసులో కచేరీలు చేయించేవాడు. కచేరీలకు కొత్త సరుకు కావాలి. అందుకని తన పాత కన్చెర్టోలను, అంటే ఒకరిద్దరు ప్రధాన వాద్యగాళ్లు బృందంతో కలిసి వాయించే రచనలను, హార్ప్‌సికార్డ్ అనే మెట్ల వాద్యానికి తిరగరాశాడు. వాటిలో కొన్నింటికి వయొలిన్ మూలాలు దొరికాయి. పక్కపక్కన పెట్టి చూస్తే, అవి ఒక్కో స్వరం కిందికి దిగాయి. వయొలిన్ ఎక్కే పై స్వరం ఆయన హార్ప్‌సికార్డ్‌లో లేదు మరి.

మిగతావాటిలో చాలావాటికి మూలాలు పోయాయి. పండితులు ఇప్పుడు వెనక్కి నడుస్తున్నారు. హార్ప్‌సికార్డ్ ప్రతి చూసి, దాని వెనక ఏ వాద్యం దాగి ఉందో ఊహిస్తారు. డి మైనర్ కన్చెర్టోలో ఒకే స్వరం చుట్టూ చకచకా అటూ ఇటూ ఊగే చోట్లున్నాయి. మెట్ల మీద అది వేళ్లకు చేసే కసరత్తు. కమాను పక్కపక్క తీగల మీద ఊగితే మాత్రం చాలా సహజం. కాబట్టి దాని మూలం వయొలిన్ అన్నది ఎక్కువమంది మాట. రెండు హార్ప్‌సికార్డ్‌ల సి మైనర్ కన్చెర్టోను ఇవాళ ఓబో అనే ఊదే వాద్యం, వయొలిన్‌ల జోడీతో వాయిస్తున్నారు.

దక్షిణాదికి వచ్చేసరికి లెక్క తిరగబడింది.

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో మద్రాసు దగ్గర మణలిలో వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఫిడేలు నేర్చుకున్నాడు. నేర్పినవాడు ఒక యూరోపియన్ వాద్యగాడు. అన్నగారు తెల్లవాళ్ల బ్యాండు వరసలు విని వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. వీటినే నొట్టుస్వరాలంటారు. ఇంగ్లండు రాజగీతం మెట్టులో ఇమిడింది మన సంగీత శ్యామళ స్తుతి. మెట్టును ముట్టుకోకుండా మాటలు తొడిగిన ఈ పని మన సంగీతంలో అరుదు. స్వరాన్ని ఊపి వంచే గమకం లేని ఆ వరస ఈనాటికీ పిల్లలకు తొలి పాఠంగా పనికొస్తోంది.

ఫిడేలు మాత్రం వచ్చినట్టే ఉండిపోలేదు. పడమటి దేశాల్లో దాని నాలుగు తీగలూ పంచమం దూరంలో వరసగా ఉంటాయి. ఇక్కడ వాటిని స-ప-స-ప శ్రుతి చేశారు. నిలబడి గడ్డం కింద అదిమి పట్టుకునే వాద్యాన్ని, బాసింపట్టు వేసుకుని కుడి పాదం మీద ఆనించి, ఛాతీకి చేరవేశారు. అలా చేస్తే ఎడమ చేతికి వాద్యాన్ని మోసే పని తప్పుతుంది. తీగ పొడవునా జారడానికి వీలుంటుంది. ఆ జారుడులోనే ఉంది గమకం. బాఖ్ వాద్యానికి తగ్గట్టు సంగీతాన్ని కిందికి దించాడు. ఇక్కడివాళ్లు సంగీతానికి తగ్గట్టు వాద్యాన్నే సవరించారు.

దీనికి కారణముంది. కర్ణాటక సంగీతంలో వీణకో కాగితం, ఫిడేలుకో కాగితం ఉండదు. కృతి ఒక్కటే, అది గొంతుది. బాలుస్వామి మనవడు, దత్తపుత్రుడు సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగులో అచ్చువేసిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో స్వరాల మీద గమకాలకు విడివిడిగా గుర్తులు వేశారు. ఏ వాద్యగాడైనా చేరాల్సింది ఆ వంపుల దగ్గరికే. వాద్యం విని 'పాడినట్టుంది' అంటే అంతకు మించిన మెప్పు లేదు.

ఆ మెప్పు పొందిన తెలుగువాడు ద్వారం వెంకటస్వామి నాయుడు. 1893లో బెంగళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగారు. 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల తెరిచినప్పుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షులు. ద్వారం ఫిడేలు ఆచార్యులు. 1936లో ద్వారమే ఆ అధ్యక్ష పీఠం ఎక్కారు. అప్పటికి ఫిడేలు పాటకుడి పక్కన కూర్చునే తోడు. దాన్ని వేదిక మధ్యకు తెచ్చి, ఒంటరిగా కచేరీ నిలబెట్టినవారిలో ద్వారం ముందున్నారు. పడమటి కమాను పద్ధతిని శ్రద్ధగా గమనించి, నిండైన నాదం పలికించారు. 1952లో భారతదేశం వచ్చిన పడమటి వయొలిన్ విద్వాంసుడు యెహుది మెనుహిన్ ఆయన వాద్యం విన్నారు. బాఖ్ ఒంటి వయొలిన్ రచనలన్నిటినీ రికార్డు చేసిన చేయి మెనుహిన్‌ది.

మాండలిన్ సంగతి ఇంకా చిక్కు. జంట తీగలు, పొట్టి మెట్లు. మీటగానే ఆరిపోయే నాదం. వీణ మీద తీగను పక్కకు లాగి గమకం తెప్పించవచ్చు. ఇక్కడ బిగువైన రెండు తీగలనూ ఒకేసారి లాగాలి. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్‌కు ఆరేళ్ల వయసులో దీని మీద మోజు పుట్టింది. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు కర్ణాటక గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్‌కు శిష్యుడు. సుబ్బరాజుకు మాండలిన్ రాదు. కృతి పాడి వినిపించేవారు. పిల్లవాడు దాన్ని తీగల మీద వెతుక్కునేవాడు. గొంతే మూలప్రతి అన్నమాటకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

వెతుకులాటలో వాద్యమే మారిపోయింది. శ్రీనివాస్ జంట తీగలు తీసేసి అయిదు ఒంటి తీగలు బిగించారు, ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. దాంతో కింది స్థాయి అందింది, నాదం నిలిచింది, వేలు జారే చోటు దొరికింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ. 1981లో మద్రాసు డిసెంబరు సీజనులో వాయించేనాటికి ఆయనకు పన్నెండేళ్లు.

వాద్యం సాహిత్యాన్ని పలకలేదన్నది నిజమే. కానీ త్యాగరాజ కృతి వాయించేటప్పుడు మంచి విద్వాంసుడి మీటు అక్షరం మీద పడుతుంది. మాట విరిగే చోట కమాను తిరుగుతుంది. తెలుగు తెలిసినవాడికి తీగలోంచే మాట వినిపిస్తుంది. స్వరాలు చూసి వాయించి, మాటల సంగతి వదిలేసే వాద్యం ఎంత వేగంగా పరిగెత్తినా సగం కృతే.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న నలభై అయిదేళ్లకే చెన్నైలో కన్నుమూశారు. ఆయన తమ్ముడు రాజేష్ అదే అయిదు తీగల పద్ధతిలో కచేరీలు చేస్తున్నారు.