పసివారి విహారయాత్ర – పెద్దల భయము

మొన్న మా ఇంటికి ఒక చిన్న కాగితము వచ్చినది. మూడేండ్ల మా మనుమరాలు ఆడుకొనుటకు పోవు శిశుపాఠశాల వారు పంపినది. పిల్లలందరిని బస్సులో జంతు ప్రదర్శనశాలకు తీసుకొని పోవుదురట. తల్లిదండ్రులు సమ్మతించి సంతకము చేయవలెనట. పాప సంతోషమునకు మేర లేదు. ఏనుగుకు పెట్టవలెనని అప్పుడే ఒక అరటిపండు దాచినది. కోడలు మాత్రము ఆ కాగితము చేతబట్టుకొని రెండు దినములు తిరిగి, చివరకు మా వద్దకు వచ్చి, “మామయ్యగారూ, పంపమంటారా, వద్దంటారా? నా భయము చూచి అందరూ నవ్వుతున్నారు” అన్నది.

మేము నవ్వలేదు. ఏలనన, ఆ భయమునకు ఒక చరిత్ర ఉన్నది. దానిని ఆలకించిన చోట పిల్లలు క్షేమముగా ఇల్లు చేరినారు. త్రోసిపుచ్చిన చోట ఊళ్లకు ఊళ్లే కంట తడి పెట్టినవి.

వెనుకటి దినములలో పసిబిడ్డ ప్రయాణమనగా తల్లి ఒడిలో సాగునదే. బండి మనది, ఎడ్లు మనవి. తోలువాడు బిడ్డ నోట “మామా” అని పిలిపించుకొనువాడు. ఇరుసు కిర్రుమన్నను, ఎద్దు బెదరినను అందరికి తెలియును. రైలు వచ్చిన పిమ్మట ఈ స్థితి మారినది. బిడ్డను మనమెరుగని యంత్రమునకు, మనమెరుగని మనుష్యులకు అప్పగించుట మొదలైనది. ఆ యంత్రమునకు పట్టు ఎక్కడ ఉన్నదో, ఎక్కడ తప్పునో ఎక్కినవారికి తెలియదు. తెలిసినవారు చెప్పవలెను, చెప్పినప్పుడు వినువారుండవలెను.

1889వ సంవత్సరము జూన్ 12వ తేదీ. ఐర్లండు ఉత్తరభాగమున ఆర్మా అను పట్టణము. అచ్చటి సండే స్కూలు పిల్లలకు ఆనాడు సముద్రతీరమునకు విహారయాత్ర. సుమారు 24 మైళ్ల దూరమున ఉన్న వారెన్‌పాయింట్ అను రేవునకు ప్రత్యేకమైన రైలు ఏర్పాటైనది. పిల్లలు వాద్యబృందము వెంట ఊరేగింపుగా స్టేషనుకు వచ్చినారు. వత్తురని అనుకొన్నది 800 మంది. వచ్చినది 900కు పైబడి. మరికొన్ని పెట్టెలు తగిలించగా మొత్తము 15 అయినవి. ఇన్ని పెట్టెలు లాగుట కష్టమని డ్రైవరు ముందే ఆక్షేపించినాడు. ఆ మాట చెల్లలేదు. టిక్కెట్లు చూచిన పిమ్మట పెట్టెల తలుపులకు తాళములు వేసినారు.

ఊరు దాటిన వెంటనే నిట్రమైన ఎగువదారి. కొన్నిచోట్ల 75 అడుగుల దూరమునకు ఒక అడుగు చొప్పున ఎత్తు పెరుగును. శిఖరము ఇంక 200 గజములలో ఉన్నదనగా ఇంజను ఆగిపోయినది. బండిని రెండుగా విడదీసి, ముందరి పెట్టెలను మొదట ఎక్కించి, వెనుకటివాని కొరకు తిరిగి వత్తమని ఉద్యోగులు నిశ్చయించినారు. ఇచ్చటనే విపత్తు పొంచి ఉన్నది. ఆ బండికి వాక్యూమ్ బ్రేకు ఉన్నది గాని, అది తనంతట పడునది కాదు. గొట్టము ఊడదీసినంతనే వెనుకటి పెట్టెలకు బ్రేకు పట్టు తప్పినది. పది పెట్టెల బరువునకు మిగిలిన ఆధారము గార్డు పెట్టెలోని చేతి బ్రేకు ఒకటి, చక్రముల క్రింద పెట్టిన రాళ్లు కొన్ని. ముందరి భాగము కదలబోవుచు కొంచెము వెనుకకు జారి తగిలినది. రాళ్లు నలిగినవి. పది పెట్టెలు పల్లమునకు పరుగెత్తినవి.

అదే దారిలో ఆర్మా నుండి మరియొక బండి వచ్చుచున్నది. ఒక బండి పోయిన ఇన్ని నిమిషములకు ఇంకొక బండిని విడువవలెనను పద్ధతి అప్పుడు అచ్చట అమలులో ఉండెను. ముందు బండి దారి విడిచినదా లేదా అని చూచు పద్ధతి లేదు. గడియారము సమ్మతించినది, బండి బయలుదేరినది. ఆ ఢీకొనుటలో 80 మంది మరణించినారు. వారిలో సుమారు మూడవవంతు పిల్లలు. గాయపడినవారు 260 మంది.

ఈ వృత్తాంతములో మనము ముఖ్యముగా గమనింపవలసినది ఒకటి ఉన్నది. ఇది ఎవరూ ఊహింపని ప్రమాదము కాదు. గొట్టము తెగినను తనంతట పడు బ్రేకు అప్పటికే ఉన్నది. ముందరి బండి ఒక భాగము దాటినదని రూఢి అయిన పిమ్మటనే వెనుకటి బండిని విడుచు బ్లాకు పద్ధతియు ఉన్నది. ఈ రెండును, సిగ్నళ్లకు పట్టాల కీలకములకు పరస్పరము తాళము వేసినట్లుండు కట్టుబాటును పెట్టవలెనని ప్రభుత్వ తనిఖీ అధికారులు ఏండ్ల తరబడి చెప్పుచునే ఉండిరి. ఖర్చు ఎక్కువని కంపెనీలు తాత్సారము చేసినవి. ఆర్మా వార్త విన్న పిమ్మట పార్లమెంటు తాళలేదు. మూడు మాసములు నిండకముందే, ఆగస్టు 30వ తేదీన, ఈ మూడింటిని నిర్బంధము చేయుటకు వీలిచ్చు చట్టము వెలువడినది. నేడు మన దేశమున రైళ్లు నడచుటకు మూలాధారమైనది కూడ ఆ బ్లాకు పద్ధతియే.

రైలు మార్గము నేర్చిన పాఠమును రోడ్డు మరల మొదటి నుండి నేర్వవలసి వచ్చినది. 1993 నవంబరులో ఇంగ్లండునందలి హాగ్లీ గ్రామపు బడిపిల్లలు లండనులో సంగీత సభ చూచి రాత్రివేళ చిన్న బస్సులో మరలుచుండగా, వారి బండి దారి మరమ్మతు లారీని ఢీకొన్నది. 12 మంది పిల్లలు, బండి నడుపుచున్న ఉపాధ్యాయిని మరణించినారు. ఆ తల్లిదండ్రులు దుఃఖమును దిగమ్రింగి ఊరకుండలేదు. పిల్లల బస్సులలో ప్రతి సీటుకు బెల్టు ఉండవలెనని పోరాడినారు. 1997లో ఆ నియమము అమలునకు వచ్చినది.

మూడేండ్ల బిడ్డకు పెద్దల బెల్టు చాలదు. పసివారికి తల బరువెక్కువ, మెడ లేత. స్వీడను దేశస్థుడు బెర్టిల్ ఆల్డ్‌మన్ 1960 ప్రాంతపు దశకములో, వ్యోమగాములు వెల్లకిల పరుండి వీపుతో వేగపు తాకిడి నోర్చుకొనుట చూచి, పసివారి కారు కుర్చీని వెనుకకు త్రిప్పి అమర్చినాడు. అందువలన తాకిడి మెడ మీదనే పడక వీపంతటికి పంచబడును.

ఇవన్నియు పరదేశముల కథలని మనము నిశ్చింతగా ఉండుటకు వీలులేదు. 2014 జూలై 24వ తేదీ ఉదయము మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని గేటున బడిబస్సును రైలు ఢీకొన్నది. డ్రైవరు, పసివారు కలిసి 16 మందికి తక్కువ కాకుండ మరణించినారు. అటువంటి గేటు ప్రమాదకరమని తెలియనివారెవరు? 2019 జనవరి నాటికి గాని దేశమునందలి పెద్దలైను మార్గములపై కాపలా లేని గేట్లు తొలగలేదు. అదే సంవత్సరము మోటారు వాహనముల చట్టమును సవరించి, 14 ఏండ్ల లోపు పిల్లలకు బెల్టుగాని, తగిన కుర్చీగాని లేక కారు నడిపినవారికి జరిమానా విధించినారు. నాలుగేండ్ల లోపు బిడ్డను మోటారు సైకిలుపై తీసుకొనిపోవునప్పుడు నడుపువానికి కట్టి ఉంచు పట్టీ, శిరస్త్రాణము ఉండవలెనని, వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదని 2022లో నియమము చేసినారు. నియమములు వచ్చినవి, ఆటోలో పిల్లలను కూరుట మాత్రము మన వీధులలో ఇంకను చూచుచునే ఉన్నాము.

కనుక కోడలితో మేమిట్లు అన్నాము: “అమ్మా, నీ భయము తప్పు కాదు. కాని దానిని గుండెలో దాచుకొన్నందువలన పాపకు ప్రయోజనము లేదు. దానిని ప్రశ్నలుగా మార్చి ఆ బడివారిని అడుగు.” ఆమె పోయి అడిగినది. బస్సులో సీట్లెన్ని, పిల్లలెందరు? ప్రతి బిడ్డకు బెల్టు ఉన్నదా? ఎందరు పిల్లలకు ఒక పెద్దదిక్కు? ఎక్కునప్పుడు, దిగునప్పుడు పేర్లు పిలిచి లెక్క చూచువారెవరు? రెండింటికి సరియైన జవాబు వచ్చినది. బెల్టులు లేవని, మరియొక ఆయా కావలెనని తేలినది. మిగిలిన తల్లులును గొంతు కలిపినారు. యాత్ర వారము దినములు వెనుకకు పోయినది, బస్సు మారినది. అటుపిమ్మట కోడలు సంతకము చేసినది.

ఆర్మా ప్రమాదము జరిగి 125 ఏండ్లు నిండిన 2014లో ఆ పట్టణమున ఒక స్మారక విగ్రహము నిలిపినారు. అది మంత్రులది కాదు, ఇంజనీర్లది కాదు. చేత చిన్న బాల్చీ, ఇసుక త్రవ్వు పార పట్టుకొని సముద్రము చూడబోవుచున్న ఒక బాలికది. ఆ పాప సముద్రము చూడలేదు. మా పాప ఏనుగును చూచి వచ్చినది. అరటిపండు మాత్రము దారిలో తానే తినినదట.