చిల్లు పడ్డ సిక్కాకు నంబరెంత?



సిక్కాలు జమ చేసే షౌఖ్ మన ఘరానాల్లో కొత్తదేమీ కాదు. ఈ షౌఖ్‌లోకి ఇప్పుడు ఒక ముకాబలా వచ్చి చేరింది. సిక్కాను అమెరికా కంపెనీకి పంపిస్తారు. వాళ్లు పరీక్షించి, 1 నుంచి 70 లోపు ఒక నంబరు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి వాపస్ పంపుతారు. ఆ డబ్బాల వివరాలు ఇంటర్నెట్‌లోని రిజిస్ట్రీలో ఎక్కిస్తే, మీ సెట్టు ప్రపంచంలో ఎన్నో స్థానంలో ఉందో చూపిస్తుంది. మన దేశపు సిక్కాలకు కూడా ఈ కంపెనీలు నంబర్లు వేస్తున్నాయి. అందుకే "నానా దాచిపెట్టిన చార్మినార్ రూపాయలు పంపిద్దామా? ర్యాంకు వస్తుందా?" అని నౌజవాన్లు అడుగుతున్నారు. జవాబ్ చెప్పే ముందు ఈ నంబరు తారీఖ్ ఒకసారి చూడాలి.

1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ సైకాలజిస్టు తన దేశపు తొలినాళ్ల రాగి సెంట్ల మీద ఒక కితాబు వేశాడు. పూర్తిగా అరిగిపోయిన సెంటుకు 1, టక్సాల్ నుంచి అప్పుడే వచ్చినట్టున్న దానికి 70 అని లెక్క పెట్టాడు. ఆ అంకెలు ఎందుకంటే, అరిగిన సెంటు ఖీమత్ ఒక డాలరైతే 70వ దర్జా సెంటు ఖీమత్ డెబ్బై డాలర్లు కావాలని ఆయన హిసాబ్. అంటే ఈ కొలత పుట్టుకతోనే బాజారు కొలత. సిక్కా ఏ హుకూమత్‌ది, ఏ జమానాది, దాని మీద ఏం రాసుంది అన్నవి ఆ లెక్కలోకి రావు. ఖీమత్‌ల లెక్క ఎప్పుడో తప్పిపోయింది, నంబర్లు మాత్రం మిగిలాయి. వాటినే తర్వాత అన్ని రకాల సిక్కాలకూ తొడిగారు.

ఇదే షెల్డన్ గురించి మరో సంగతి. 1977లో ఆయన ఇంతెఖాల్ అయ్యాక, న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ ఖజానాలోని మేలురకం సెంట్లు తీసుకుని, వాటి జాగాలో తన తక్కువ రకం సెంట్లు పెట్టాడని బయటపడింది. మామ్లా కాలిఫోర్నియా అదాలత్ దాకా వెళ్లింది. ఒక దర్జా పైనున్న సెంటు కోసం, ఆ దర్జాలు కనిపెట్టిన ఆలిమే అంత పని చేశాడు.

1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ కంపెనీలు పని మొదలుపెట్టాయి. వీటివల్ల ఫాయిదా జరిగిందన్నది ఇన్‌సాఫ్‌గా ఒప్పుకోవాలి. అంతకుముందు ఒకే సిక్కాను కొనేటప్పుడు "అరిగిపోయింది" అనీ, అమ్మేటప్పుడు "కొత్తదిలా ఉంది" అనీ చెప్పే సౌదాగర్లు ఉండేవారు. నఖ్లీ సిక్కాల బెడద వేరే. అమ్మేవాడికీ కొనేవాడికీ సంబంధం లేని మూడో మనిషి చూసి చెప్పడం మంచి పద్ధతే.

పోటీ మాత్రం దాని తర్వాతి మెట్టు. 2001లో పీసీజీఎస్ రిజిస్ట్రీ ఇంటర్నెట్‌లోకి వచ్చింది. సెట్టులో ఎన్ని సిక్కాలున్నాయి, వాటి నంబర్లెంత, ఏది ఎంత అరుదు, ఇవన్నీ కలిపి స్థానం కడతారు. ఆ కంపెనీ డబ్బాలో ఉన్న సిక్కాలకే అందులో చోటు. ఈ ముకాబలా ఎక్కడికి తీసుకెళ్తుందో చూపడానికి మిసాల్ ఒకటి చాలు. 1963 నాటి ఒక లింకన్ సెంటు వేలంలో 39 వేల డాలర్లు దాటి పలికింది. అది అరుదైన సిక్కా కాదు. ఆ ఏడాది షౌఖీన్ల కోసం ప్రత్యేకంగా కొట్టిన ఆ రకం సెంట్లు 30 లక్షలకు పైనే. ఆ ఒక్కదాని డబ్బా మీద 70 అని ఉంది, అంతే. కొన్నవాడు సెంటును కొన్నాడా, నంబరును కొన్నాడా?

నంబరుకు ఇంత ఖీమత్ వచ్చాక జరగాల్సిందే జరిగింది. 65 వచ్చిన సిక్కాను డబ్బా పగలగొట్టి, 66 రావచ్చన్న ఉమ్మీద్‌తో మళ్లీ పంపేవాళ్లు తయారయ్యారు. 2007లో సీఏసీ అనే మరో కంపెనీ వచ్చి, డబ్బాలో ఉన్న సిక్కా ఆ నంబరుకు నిజంగా తగినదేనని తన స్టిక్కర్ అంటించడం మొదలుపెట్టింది. అంటే నంబరుకు కూడా ఒక గవాహీ కావాల్సి వచ్చింది. చివరికి అతి తక్కువ నంబర్లున్న సిక్కాలతో కట్టే సెట్లకూ రిజిస్ట్రీలో ర్యాంకులున్నాయి. బాగా అరిగిందెవరిదన్న దాంట్లోనూ పోటీయే.

ముకాబలాలో మంచి బొత్తిగా లేదనను. సెట్టు పూర్తి చేయాలనే పట్టుదల మనిషికి చాలా నేర్పుతుంది. ఏ సంవత్సరం అరుదు, ఏ టక్సాల్‌లో ఎన్ని కొట్టారు అని వెతికిస్తుంది. కానీ ఆ పట్టుదలకు ర్యాంకు అవసరం లేదని చెప్పడానికి బాల్టిమోర్‌కు చెందిన లూయీ ఎలియాస్‌బర్గ్ ఉన్నాడు. అమెరికా సిక్కాల్లో అప్పటికి తెలిసిన ప్రతి తారీఖ్, ప్రతి టక్సాల్ ముద్రతో సెట్టు కట్టాలని బయల్దేరి, 1950లో ఆఖరి సిక్కా సంపాదించాడు. అప్పటికి రిజిస్ట్రీ లేదు, డబ్బాలు లేవు. "ఇంకా ఏది దొరకలేదు?" అన్న ఒక్క సవాల్ ఆయన్ని నడిపించింది.

ఇక మన ఇళ్ల సిక్కాల సంగతికి వద్దాం.

నా బడి చదువు ఉర్దూ మీడియంలో, డిగ్రీ తెలుగులో సాగింది. సహాఫత్‌లో పడ్డాక ఆ ఉర్దూ చదువు నాకు ఎక్కువగా పనికొచ్చిన చోట్లలో ఆసఫ్‌జాహీ సిక్కా ఒకటి. చార్మినార్ రూపాయి తీసుకుని దాని దర్వాజాలో చూడండి. ఒక హర్ఫ్ ఉంటుంది. "మీమ్" అయితే ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌ది. "ఐన్" అయితే 1911లో తఖ్త్ ఎక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఉస్మాన్ అలీ ఖాన్ తొలి రూపాయల్లో ఐన్ తల మాత్రమే కనిపిస్తుంది, తర్వాతి వాటిలో నిండు ఐన్ ఉంటుంది. పైన 92 అనే అంకె కనిపిస్తే అది సాల్ కాదు. అబ్జద్ హిసాబ్‌లో మీమ్ 40, హే 8, మళ్లీ మీమ్ 40, దాల్ 4. కలిపితే 92, ముహమ్మద్ అనే ముబారక్ నామం. వెనకవైపు "జులూస్ మైమనత్ మానూస్" అని నిజాం తఖ్త్ ఎక్కిన లెక్కన ఒక సాల్, ముందువైపు హిజ్రీ సాల్. ఊరి పేరు వట్టి హైదరాబాద్ కాదు, "ఫర్ఖుందా బున్యాద్ హైదరాబాద్", అంటే శుభమైన పునాది గల నగరం.

ఈ రూపాయి కల్దార్‌కు సమానం కాదు. ఆరు అంగ్రేజీ కల్దార్ రూపాయలకు ఏడు ఉస్మానియా రూపాయలు లెక్క. హైదరాబాద్ ఇండియాలో కలిశాక కూడా ఈ సిక్కా కొన్నేళ్లు చెలామణిలో ఉండి, 1959తో నిలిచిపోయింది.

ఇవన్నీ సిక్కా తానే చెప్పే మాటలు. అరిగిన సిక్కా కూడా చెబుతుంది. 64 వచ్చిన రూపాయి చెప్పేదాన్నే 12 వచ్చిన రూపాయీ చెబుతుంది, చదివేవాడు ఉంటే.

అసలు మసలా ఇంకోటి ఉంది. మన ఇళ్లలో మిగిలిన రూపాయలు ఎలా ఉంటాయి? కొన్నిటికి చిల్లు ఉంటుంది. కొన్నిటికి కుండా అతికించిన టాంకా మచ్చ ఉంటుంది. దాదీలు, నానీలు వాటిని హారంగా గుచ్చుకున్నారు. ఇంకొన్ని చింతపండుతో తోమి తోమి తళతళలాడుతుంటాయి. ఇలాంటి సిక్కాకు కంపెనీ నంబరు ఇవ్వదు. అస్లీ సిక్కాయే, కానీ చిల్లు ఉంది, లేదా తోమారు అని డబ్బా మీద రాసి పంపిస్తుంది. నంబర్ల మీద కట్టే ర్యాంకుల్లో నంబరు లేనిదానికి విలువ తక్కువే.

కంపెనీ దృష్టిలో ఆ చిల్లు నుక్సాన్. తారీఖ్ దృష్టిలో అది షహాదత్. బాజారులో తిరగాల్సిన రూపాయిని ఒక ఔరత్ తన జేవర్‌గా మార్చుకుంది. వెండి కాబట్టి హుకూమత్ మారినా దాని ఖీమత్ పోదని, కష్టకాలంలో సర్రాఫ్ దగ్గర పనికొస్తుందని ఆమెకు తెలుసు. బ్యాంకు ఖాతా లేని ఆడవాళ్లకు ఆ హారమే ఖాతా. ఆ ఔరతుల పేర్లు సర్కారీ కాగితాల్లో చాలావరకు దొరకవు. వాళ్ల తెలివికి మిగిలిన సనద్ ఆ చిల్లు ఒక్కటే. దాన్ని లోపంగా లెక్కగట్టే కొలత మన సిక్కాలకు సరైన తరాజు ఎలా అవుతుంది?

కాబట్టి నా రాయ్ ఇది. సిక్కాను అమ్మాలనుకున్నా, అస్లీయో నఖ్లీయో షక్ ఉన్నా, ఖీమత్ పెద్దదైనా గ్రేడింగ్ చేయించండి, అది ఖర్చుకు తగిన పని. ర్యాంకు కోసం మాత్రం వద్దు. ఆ ముకాబలాలో ఇల్మ్ కంటే జేబు ఎక్కువ దూరం వెళ్తుంది. పైగా ఆ డబ్బుతో ఇంకో నాలుగు సిక్కాలు, వాటిని చదవడం నేర్పే ఒక కితాబు వస్తాయి.

సెట్టు కట్టాలనే షౌఖ్ ఉంటే మన సెట్టు మనమే కట్టుకోవచ్చు. మీమ్ నుంచి ఐన్ దాకా, సగం ఐన్ నుంచి నిండు ఐన్ దాకా ఒక వరుస. చార్మినార్ రాకముందు సుత్తితో కొట్టిన హాలీ సిక్కా ఒకటి దాని పక్కన. వాటిలో ముద్ర బిళ్ల కంటే పెద్దది కావడంతో సగం హర్ఫ్‌లు అంచు బయటే ఉండిపోయేవి. ఏ సిక్కాలో ఏ ముక్క పడిందో చూసి పూర్తి ఇబారత్ కూర్చుకోవడం పిల్లలకు మంచి ఆట.

ఒక్క గుజారిష్. ఇంట్లో సిక్కాలుంటే తోమకండి. ఒక్కో సిక్కాను విడిగా కాగితపు కవరులో పెట్టి, దాని మీద మూడు మాటలు రాయండి: హిజ్రీ సాల్, దర్వాజాలోని హర్ఫ్, అది ఎవరి నుంచి ఎవరికి వచ్చింది. మూడో మాట చెప్పగలిగే బుజుర్గులు ప్రతి ఖాందాన్‌లోనూ తగ్గిపోతున్నారు. ఉర్దూ రాని పిల్లలు పెరుగుతున్న ఇళ్లలో మొదటి రెండూ చదివేవాళ్లు కూడా తగ్గుతున్నారు. ఈ ఇత్వార్ డిబ్బీ దించి, ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని ఆ పని మొదలుపెట్టండి.